లాభం 18 లక్షలు, గాజులు బ్యాంకులో

ప్రశ్న: సార్, మాది విజయవాడ దగ్గర ఒక ఊరు. మా వారు పేపరు మిల్లులో ప్రొడక్షన్ మేనేజరుగా చేస్తూ, తొమ్మిదేళ్ల కిందట మానేసి అట్టపెట్టెల ఫ్యాక్టరీ పెట్టారు. షెడ్డు మా అత్తగారి స్థలంలోనే వేశాం. ఏడాదికి 2 కోట్ల 40 లక్షల అమ్మకాలు, 18 లక్షల లాభం అని లెక్కల్లో ఉంది. చుట్టాలందరూ మేం బాగా సంపాదించామంటారు. ఇంటికి మాత్రం నెలకు 40 వేలే వస్తాయి. నా 15 కాసుల బంగారం రెండేళ్లుగా 6 లక్షలకు బ్యాంకులో ఉంది. ఏటా 60 వేలు వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నాం. బిల్లులు, జీఎస్‌టీ, కూలీల లెక్కలు ఆరేళ్లుగా నేనే చూస్తున్నాను. మొన్న ఆయన డైరీలో చూస్తే, 15 లక్షలు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చినట్టు ఉంది. నాకు చెప్పలేదు. అడిగితే, మన సరుకులో 40 శాతం కొనే రొయ్యల ఎగుమతి కంపెనీ నాలుగు నెలలకు గానీ డబ్బు ఇవ్వడం లేదు, మిగతావాళ్లు నెలన్నరకు ఇస్తారు అన్నారు. ఇప్పుడు 85 లక్షల లోనుతో రెండో ప్రొడక్షన్ లైను వేస్తే అన్నీ తీరిపోతాయంటున్నారు. దానికి మా నాన్న నా పెళ్లికి రిజిస్టరు చేసి ఇచ్చిన 300 గజాల స్థలం తాకట్టు పెట్టాలట. సబ్సిడీ ఎక్కువ వస్తుందని ఫర్మ్ మొదట్నుంచీ నా పేరు మీదే ఉంది. చెక్కులకు నేనే సంతకాలు పెట్టి ఇస్తుంటాను. ఆయన మంచివారే, తాగుడూ పేకాటా లేవు. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. మా అబ్బాయి పదో తరగతి. స్థలం మీద సంతకం పెట్టనా, వద్దా?
(పేరు రాయవద్దన్న ఒక సోదరి)

సమాధానం: అమ్మా, మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. ఇప్పుడు పెట్టకండి. ఎప్పటికీ పెట్టవద్దని అనడం లేదు. ఈ లెక్కల మీద, ఈ నెలలో మాత్రం వద్దు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం స్థలం గురించింది కాదు. ఫర్మ్ మీ పేరు మీద ఉందని చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు చూడండి, అది. మీరు సంతకం పెడితే చిక్కుల్లో పడతారేమోనని భయపడుతున్నారు. తొమ్మిదేళ్లుగా మీరు అందులోనే ఉన్నారు. సొంత పేరున నడిచే ఫర్మ్‌కీ దాని యజమానికీ మధ్య చట్టం గోడ కట్టదు. ఫర్మ్ బాకీ అంటే మీ బాకీ. పేపరు సప్లయర్ రేపు కోర్టుకు వెళ్లి డిక్రీ తెచ్చుకుంటే, తాకట్టు పెట్టకపోయినా ఆ 300 గజాల మీదికి రావచ్చు. మీ నాన్నగారు మీకిచ్చిన ఆస్తి 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం పూర్తిగా మీది. మీ వారి పేరున ఫర్మ్ ఉండి ఉంటే ఆయన బాకీలవాళ్లు దాన్ని తాకలేకపోయేవారు. సబ్సిడీ కోసం ఆ రక్షణను మీరే తెలియకుండా వదిలేసుకున్నారు. ఈ ఖర్చు ఏ బ్యాలెన్స్ షీట్లోనూ కనిపించదు.

చెక్కుల సంగతి ఇంకా గట్టిది. చెక్కు బౌన్స్ అయితే 138వ సెక్షన్ కింద కేసు సంతకం పెట్టినవాళ్ల మీద పడుతుంది. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చాను, అంకె నేను వేయలేదు అంటే చాలదు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన సంతకం ఉంటే, అది బాకీ తీర్చడానికి ఇచ్చిన చెక్కే అనుకోవాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకునే భారం మీది. ఆ 15 లక్షలు ఇచ్చినవాళ్ల దగ్గర ప్రోనోట్లతో పాటు మీ చెక్కులు ఏమైనా ఉన్నాయా? నాకైతే అనుమానంగానే ఉంది.

నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను. అందులో సగం లోన్ల సీట్లోనే గడిచింది. ఒకసారి ఒక రైస్ మిల్లు లోనుకు యజమాని భార్య చేత హామీ సంతకాలు పెట్టించాను. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో సంతకాలు. ఆవిడ అడిగింది ఒకే మాట: "ఎక్కడ పెట్టాలి బాబూ?" దేనికని అడగలేదు, నేనూ చెప్పలేదు. పెన్సిల్‌తో టిక్కులు పెట్టి ఉంచాను, ఆ టిక్కుల దగ్గర పెట్టుకుంటూ పోయింది. నాలుగేళ్ల తర్వాత ఆ ఇల్లు వేలం వేస్తూ పేపర్లో ప్రకటన వచ్చింది. ఆ ప్రకటన రాసిందీ నేనే. బ్యాంకు తప్పు చేసిందని చెప్పలేను, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అందుకే ఇలాంటి ఉత్తరాలకు కాస్త పొడుగ్గా జవాబు రాస్తాను.

సరే, లెక్కకు వద్దాం. 18 లక్షల లాభం అన్నారు. దాన్ని అబద్ధం అనను, ఆడిటర్ తన ముందున్న కాగితాలు చూసి రాస్తారు. ఆయన ముందుకు రాని కాగితాలు మీ ఇంట్లో ఉన్నాయి. మీ వారు ఉద్యోగంలోనే ఉంటే ఈ అనుభవానికి ఇవాళ నెలకు 75 వేలకు తక్కువ రావని నా అంచనా. ఏడాదికి 9 లక్షలు. మీరు చేసే పనికి బయట మనిషిని పెట్టుకుంటే 25 వేలు ఇవ్వాలి, అది 3 లక్షలు. అత్తగారి స్థలంలో షెడ్డుకు అద్దె కట్టడం లేదు. నెలకు 25 వేలు వేసుకుంటే అదీ 3 లక్షలే. డైరీలో దాగిన రెండు రూపాయల వడ్డీ నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. ఆడిటర్ గారికి ఇది తెలిసే అవకాశం లేదు. బంగారం మీద 60 వేలు. అన్నీ కలిపితే 19 లక్షల 20 వేలు. 18 లోంచి తీయండి. లక్షా ఇరవై వేలు నష్టం.

దీన్ని చూసి గుండెలు బాదుకోకండి. ఇందులో 12 లక్షలు మీ ఇద్దరి కష్టానికి కూలి, అది ఒక రకంగా మీ సంపాదనే. ఇద్దరు మనుషులకు పని, అత్తగారి స్థలానికి అద్దె మాత్రమే ఈ ఫ్యాక్టరీ పుట్టిస్తోంది. అప్పులవాళ్లకు వడ్డీ పోగా పైన మిగిలేది లేదు. అందులోనూ మీ చేతికి వచ్చేది ఏడాదికి 4 లక్షల 80 వేలే. రెండో లైను వేసి రెట్టింపు చేద్దామంటున్నారు కదా, దేన్ని రెట్టింపు చేస్తున్నారో ముందు మీ వారిని అడగాలి.

మరి మిగతా డబ్బు ఏమైంది? మీ వారు దాచుకోలేదు, తినలేదు. కస్టమర్ల దగ్గర ఉంది. నెలకు 20 లక్షల అమ్మకాల్లో 8 లక్షలు రొయ్యల కంపెనీది, నాలుగు నెలలకు 32 లక్షలు. మిగతా 12 లక్షలవాళ్లు నెలన్నరకు ఇస్తారు కాబట్టి 18 లక్షలు. ఏ రోజు చూసినా 50 లక్షలు బయటే ఉంటాయి. చుట్టాలు అనుకునే మీ ఆస్తి అదే. పుస్తకంలో మీది, బ్యాంకులో వాళ్లది. మీకు పేపరు ఇచ్చే మిల్లు మాత్రం వారం లోపు డబ్బు పడకపోతే తర్వాతి రీలు లోడు ఎత్తదు. మధ్యలో పడ్డ ఖాళీని మీ గాజులు పూడుస్తున్నాయి.

2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆంధ్రా రొయ్యలవాళ్లు ఎంత విలవిల్లాడారో మీరు దగ్గర్నుంచే చూసి ఉంటారు. పెద్ద కంపెనీకి దెబ్బ తగిలితే ముందు ఆపేది చిన్న సప్లయర్ల బిల్లులే. వాషింగ్టన్‌లో పెట్టిన సంతకం మీ బీరువా దాకా వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఒకే కస్టమరు చేతిలో 40 శాతం పెట్టిన వ్యాపారం అంతే.

ఆ కంపెనీతో మీకు నిజంగా ఎంత మిగులుతోందో చూడండి. నూరు రూపాయల సరుకు ఇస్తే లెక్కల్లో లాభం ఏడున్నర. డబ్బు నాలుగు నెలలకు వస్తుంది. ఆ నాలుగు నెలలు మీరు రెండు రూపాయల వడ్డీ డబ్బుతో నెట్టుకొస్తే, నూటికి ఎనిమిది వడ్డీ. ఏడున్నర సంపాదించడానికి ఎనిమిది కడుతున్నారు. మొత్తం 32 లక్షలూ ఆ వడ్డీ డబ్బే కాదు, నిజమే. కానీ ఈ కస్టమరు లేకపోతే ఆ 15 లక్షలు తేవాల్సిన పనే లేదు కాబట్టి, ఆ వడ్డీ ఆ కంపెనీ ఖాతాలో రాయడమే న్యాయం.

అదే కంపెనీ మిగతావాళ్లలా నెలన్నరకు ఇస్తే? 8 లక్షల చొప్పున నెలన్నరకు బయట ఉండేది 12 లక్షలు. 32 లోంచి 12 పోతే 20 లక్షలు చేతికి వస్తాయి. ఆ 15 లక్షల ప్రోనోట్లు చింపేయవచ్చు. మిగిలిన 5 లక్షలకు ఇంకో లక్ష కలిపితే బంగారం ఇంటికి వస్తుంది. ఏడాదికి 4 లక్షల 20 వేల వడ్డీ ఆగిపోతుంది. కొత్త మిషను అక్కర్లేదు, మీ నాన్నగారి స్థలం అక్కర్లేదు. "అన్నీ తీరిపోతాయి" అన్నారే మీ వారు, ఆ దారి ఇదీ.

చెప్పినంత సులువు కాదని నాకూ తెలుసు. చట్టం మీ వైపే ఉంది. 2006 నాటి చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా గడువు దాటి మీకు బాకీ ఉంచిన మొత్తాన్ని, కట్టేదాకా ఖర్చు కింద చూపించుకునే వీలు వాళ్ల ఆదాయపు పన్ను లెక్కలో లేదు. దీని కోసమే ఉన్న ప్రభుత్వ పోర్టల్లో ఫిర్యాదు కూడా పెట్టవచ్చు. కానీ 40 శాతం సరుకు కొనే వాడి మీద ఎవరు ఫిర్యాదు పెడతారు? మర్నాడు ఆర్డరు వేరే చోటికి పోతుంది. నేనైతే ముందు ఫిర్యాదు చేయను. వాళ్ల అకౌంట్స్ మేనేజరు దగ్గరకు వెళ్లి, మార్చి 31 లోపు బాకీ తీరిస్తే పన్నులో మీకెంత మిగులుతుందో అని వాళ్ల లాభం కోణంలో మాట్లాడతాను. ఆ కంపెనీ టర్నోవర్ 250 కోట్లు దాటితే చిన్నవాళ్ల బిల్లులకు ముందే డబ్బు ఇప్పించే ట్రెడ్స్ వేదికలో చేరి ఉండాలి. అందులో మీ బిల్లును వాళ్లు ఒప్పుకుంటే ఏదో ఒక బ్యాంకు వెంటనే డబ్బు ఇస్తుంది, తర్వాత వసూలు చేసుకునే తలనొప్పి బ్యాంకుదే. వడ్డీ రెండు రూపాయల దరిదాపులకు రాదు.

అదీ కుదరకపోతే రెండు రేట్లు చెప్పండి. 45 రోజులకైతే ఇప్పటి రేటు, 120 రోజులకైతే ఆరు శాతం ఎక్కువ. మానుకుంటామంటే కొంతకాలం మిషను ఖాళీగా తిరగవచ్చు, కూలీలకు జీతాలు కష్టం కావచ్చు. అందుకని ముందే వాళ్లకిచ్చే సరుకు సగం తగ్గించుకుంటూ, పచ్చళ్లవాళ్లు, స్వీట్లవాళ్లు, మామిడి సీజన్లో నూజివీడు వైపు వ్యాపారులు, ఇలా చిన్న చిన్నవాళ్లను పట్టుకోవాలి. రోజంతా ఫోన్లు, పాతికకీ యాభైకీ బేరాలు. మీ వారికి విసుగే.

ఇక రెండో లైను. 85 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి ఏడేళ్లకు వేసుకున్నా నెలకు లక్షా 43 వేలు కట్టాలి. ఏడాదికి 17 లక్షల పైమాట. అంటే ఇవాళ మీ పుస్తకంలో ఉన్న లాభం దాదాపు మొత్తం. సరుకు రెట్టింపు అమ్మితే బయట నిలిచే బాకీ కూడా 50 నుంచి కోటికి వెళ్తుంది. ఆ ఇంకో 50 లక్షలు ఎక్కణ్నుంచి వస్తాయి? లోను మిషనుకూ షెడ్డుకూ ఇస్తారు, కస్టమరు ఆలస్యానికి ఇవ్వరు. అప్పుడు మళ్లీ డైరీ తెరుస్తారు.

జీఎస్‌టీ మీరే చూస్తారు కాబట్టి ఈ మాట మీకు తొందరగా అర్థమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి అట్టపెట్టెల మీద పన్ను 5 శాతానికి దిగింది, ఆ పెట్టెలు చేసే క్రాఫ్ట్ పేపరు మీద 18కి ఎక్కింది. నెలకు 13 లక్షల పేపరు కొంటే 2 లక్షల 34 వేలు ముందే కడతారు. 20 లక్షల పెట్టెలు అమ్మితే లక్షే వసూలవుతుంది. నెలకు లక్షా 34 వేలు మీకు రావలసిన పన్నుగా క్రెడిట్‌లో కూర్చుంటుంది. రీఫండ్ అడగవచ్చు, అడగాలి కూడా. రెండేళ్లు దాటితే పోతుంది. క్రమం తప్పకుండా వేస్తున్నారా? కొత్త మిషను మీద కట్టే జీఎస్‌టీ ఆ రీఫండ్ లెక్కలోకి రాదు. 50 లక్షల మిషనైతే 9 లక్షలు. మీ వారి ప్రాజెక్టు రిపోర్టులో ఈ తొమ్మిది ఎక్కడ రాశారో వెతకండి.

ఏడాది తర్వాత, బయటి అప్పు తీరి, ఏ ఒక్క కస్టమరూ పావు వంతు మించకుండా ఉంటే, అప్పుడు లోను గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా స్థలం అడిగితే, క్రెడిట్ గ్యారంటీ పథకం కింద ఇవ్వండని అడగండి. సీజీటీఎంఎస్ఈ అంటారు. తాకట్టు లేకుండా 10 కోట్ల దాకా లోన్లకు 2025 నుంచి అది వర్తిస్తుంది. ఏటా కొంత ఫీజు పడుతుంది. చాలా బ్రాంచీల్లో ఆ మాట మేనేజరు తనంతట తాను ఎత్తడు. స్థలం తాకట్టు ఉంటే వాళ్లకు నిశ్చింత, నేనూ అలాగే చేసేవాణ్ని. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ఆ పథకం కాపాడేది బ్యాంకును. మీ బాకీ మాఫీ కాదు. తాకట్టు పెట్టిన స్థలమైతే, 90 రోజులు కట్టకపోయి లోను మొండిబాకీ అయ్యాక, 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు అమ్ముకోవచ్చు.

ఫర్మ్‌ను ఎల్ఎల్‌పీగానో ప్రైవేటు లిమిటెడ్‌గానో మార్చి, ఫర్మ్ బాకీలకూ మీ సొంత ఆస్తికీ మధ్య గోడ కట్టే విషయం మీ ఆడిటర్‌తో మాట్లాడండి. బ్యాంకు మీ ఇద్దరి వ్యక్తిగత హామీ అప్పుడూ అడుగుతుంది, ఆ మేరకు గోడకు కన్నం ఉంటుంది. కొత్తగా చేసే సప్లయర్ల బాకీలు మాత్రం మామూలుగా మీ స్థలం దాకా రావు. సబ్సిడీ తీసుకున్న యూనిట్ రూపం మార్చడానికి షరతులు ఉంటాయి, మంజూరు పత్రం వెంట తీసుకెళ్లండి. ఏ రూపంలో ఉన్నా, మీ ఇద్దరికీ నెల జీతం మొదటి తారీకునే ఖాతాలో పడేలా చేయండి. మిగిలితే ఇస్తాం అన్న ఇంట్లో ఎప్పుడూ మిగలదు. అందులో కొంత మీ పేరున పీపీఎఫ్‌లో వేయండి. ఏడాదికి లక్షన్నర దాకా వేయవచ్చు. బాకీలవాళ్లు కోర్టు ద్వారా కూడా దాన్ని జప్తు చేయలేరు. మీ వారి పేరున టర్మ్ పాలసీ తీసుకుంటే, తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద రాయించండి. అప్పుడు ఆ డబ్బు మీకూ అబ్బాయికీ తప్ప ఆయన అప్పులవాళ్లకు పోదు. తర్వాత చేర్పిద్దామంటే కుదరదు.

ఆయన తాగరు, పేకాట ఆడరు అని రాశారు. నా సర్వీసులో మునిగిన లోన్లలో తాగుబోతులవి తక్కువే. రాత్రి రెండింటికి లేచి కూర్చునే మంచివాళ్లవే ఎక్కువ. ఆయన డైరీ దాచింది మిమ్మల్ని మోసం చేయడానికి అని నేను అనుకోను. ఉద్యోగం వదిలి వచ్చిన మనిషి, తొమ్మిదేళ్ల తర్వాత భార్య ముందు నా దగ్గర డబ్బు లేదు అని చెప్పలేకపోయాడు. చుట్టాలు బాగా సంపాదించారు అన్నకొద్దీ ఆ మాట గొంతులో ఇంకా లోపలికి పోతుంది. కాబట్టి ఈ లెక్క ఆయన ముందు పెట్టేటప్పుడు రాత్రి పెట్టకండి, మీ అన్నదమ్ముల్ని పిలవకండి. ఆదివారం పొద్దున, కాఫీ తాగాక, ఆయన చేతికే పెన్ను ఇచ్చి ఆయన చేతే రాయించండి. 18 కింద ఒక్కొక్కటే తీసేయించండి. ఆయన లెక్కలు వచ్చిన మనిషి. ఆ లక్షా ఇరవై వేల నష్టం మీ నోటి వెంట రాకూడదు, ఆయన పెన్నులోంచే రావాలి.

అబ్బాయి పదో తరగతి అన్నారు. ఆ సంవత్సరం ఇంట్లో వేలం మాటలు వినపడకుండా చూడండి, అంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

ఇవన్నీ ఆదివారం పనులు. ఇవాళ మధ్యాహ్నం ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక చేయవలసింది ఒకటుంది. చెక్కు బుక్కులు అన్నీ తీయండి. పాతవి కూడా. కౌంటర్‌ఫాయిల్స్ చూసి, మీ సంతకంతో బయటికి వెళ్లి ఇంకా బ్యాంకుకు రాని చెక్కులు ఎన్ని ఉన్నాయో, ఎవరి దగ్గర ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. సంతకం పెట్టి ఇంట్లోనే ఉన్న ఖాళీ చెక్కులు కనిపిస్తే చింపేయండి. ఆ కాగితంలోని అంకె ఎంతో నాకు రాయండి, తర్వాత ఏం చేయాలో దాన్ని బట్టి చెప్తాను.